మునగాకు మీద వేసిన నింద: ఒక పొటాషియం కేసు

నేను డైటీషియన్‌ని. కోస్తాలో ఒక పట్టణంలో పనిచేస్తాను. ఈ కేసులోని మనిషిని ఎవరూ గుర్తుపట్టకుండా ఊరు, వయసు, మరికొన్ని వివరాలు మార్చాను. రాయడానికి ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నారు. ఇందులో నేను చేసిన పొరపాటు ఒకటుంది. అది నా పాత కేస్ షీటులో నా చేతిరాతతోనే ఉంది, దాన్ని మాత్రం మార్చలేదు.

నేపథ్యం

అరవై దాటిన రిటైర్డ్ ఉపాధ్యాయుడు. అందరూ మాస్టారు అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. పద్నాలుగేళ్లుగా షుగరు, పదేళ్లుగా బీపీ. షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్, బీపీకి టెల్మిసార్టన్ వాడుతున్నారు. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.9. ఈజీఎఫ్‌ఆర్ 40 దగ్గర, అంటే కిడ్నీ పని సగం కంటే తగ్గిపోయింది. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. టెల్మిసార్టన్ ఇచ్చింది బీపీ కోసమే కాదు, ఆ ప్రోటీన్ కారడాన్ని తగ్గించి కిడ్నీని కాపాడుకోవడానికి కూడా. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

నాలుగు నెలలుగా మాస్టారు ఆకులు మొదలుపెట్టారు. పొద్దున్నే గ్లాసు మజ్జిగలో మునగాకు పొడి రెండు చెంచాలు. సాయంత్రం పచ్చి మునగాకు రెండు గుప్పిళ్లు, షుగరు తగ్గిస్తుందని వాడే పొడపత్రి ఆకు కాసింత వేసి మరిగించిన కషాయం. ఎందుకని అడిగితే ఫోన్ తీసి ఒక బొమ్మ చూపించారు. 'మునగాకులో అరటిపండు కంటే 15 రెట్ల పొటాషియం, పాల కంటే 17 రెట్ల కాల్షియం, పాలకూర కంటే 25 రెట్ల ఇనుము' అని అందులో ఉంది. షుగరు వచ్చేదే ఖనిజాల లోపం వల్ల, వాటిని నింపితే మందులు తగ్గించుకోవచ్చు అని కింద ఇంకో లైను. మాస్టారు లెక్కల మాస్టారే, కానీ ఆ 15 రెట్లు దేనికి దేనితో పోల్చి వేశారో ఆయన అడగలేదు. అప్పటికి నేనూ అడగలేదు.

వచ్చిన సమస్య

మామూలు చెకప్‌లో రక్తంలో పొటాషియం 6.1 వచ్చింది, ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ. రక్తం తీసేటప్పుడు కణాలు చితికితే లేని పొటాషియం ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి డాక్టరు గారు అదే రోజు మళ్లీ తీయించారు. 6.0. ఈసీజీలో మార్పు లేదు. అయినా 6 అంటే ఇంటికి పంపే అంకె కాదు. వార్డులో చేర్చుకుని, పొటాషియం పెంచే మందు కాబట్టి టెల్మిసార్టన్ ఆపి, పొటాషియంను పేగుల్లోనే పట్టేసే పొడి సాచెట్లు ఇచ్చారు. నాలుగో రోజుకి 5.0. డిశ్చార్జి కాగితం మీద 'తక్కువ పొటాషియం ఆహారం' అని రాసి నా దగ్గరికి పంపారు.

మోకాళ్ల నొప్పికి బిళ్లలేమైనా వేసుకుంటున్నారా అని డాక్టరు ముందే అడిగారు. ఈ బిళ్లలు కిడ్నీ మీద పడి పొటాషియం పెంచే సందర్భాలు మాకు రోజూ ఎదురవుతాయి. లేదన్నారు. యాంటీబయాటిక్ వాడారా? లేదు. మిగిలింది తిండి. తిండిలో కంటికి కొట్టొచ్చినట్టు కనబడేది ఆకు పొడి. పొటాషియం 15 రెట్లని వాళ్లే చెబుతుంటే ఇంకా వెతకడం దేనికి అనిపించింది.

మొదట చేసింది

పొడి ఆపించాను. కషాయం ఆపించాను. ఊపు మీదున్నానేమో, కొబ్బరినీళ్లు, అరటిపండు, బత్తాయి, ఆకుకూరలన్నీ, టమాటా కూడా తీసేశాను. కాయగూరలు ముక్కలు కోసి, ఉడికించి, నీళ్లు పారబోసి వండమన్నాను. 'ఉప్పు కూడా తగ్గించాలండీ' అన్నాను. మాస్టారి భార్య వెంటనే, 'మేం ఆరు నెలల నుంచీ బీపీ ఉప్పే వాడుతున్నామమ్మా, మా అబ్బాయి హైదరాబాద్ నుంచి తెచ్చాడు' అన్నారు.

నా షీటులో ఆ వరస ఇప్పటికీ ఉంది: 'తక్కువ ఉప్పు – పాటిస్తున్నారు.' పక్కన టిక్కు.

రెండు వారాలకు వచ్చారు. పొటాషియం 5.7.

అది ఎందుకు పనిచెయ్యలేదు

ఆ అంకె చూసి మొదట నాకు అనుమానం వచ్చింది ఆయన మీదే. దొంగచాటుగా కషాయం తాగుతున్నారేమో అనుకున్నాను. భార్యని పక్కకు పిలిచి అడిగాను కూడా, చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. 'ఆయన చప్పిడి కూడు తినలేక సగం వదిలేస్తున్నారు, నిన్న కంచం ముందు కూచుని లేచిపోయారు' అన్నారు. కూరలు తగ్గేసరికి అన్నం పెరిగింది, షుగరు పెరిగింది. పీచు తగ్గి మలబద్ధకం వచ్చింది. కిడ్నీ బాగా తగ్గినవాళ్లలో పొటాషియం కొంత పేగుల ద్వారా పోతుంటుంది, అందుకే మలబద్ధకం ఇలాంటి వాళ్లకు ఒట్టి ఇబ్బంది కాదు, ఆ దారి కూడా మూసుకుపోవడం. నేను రాసిచ్చిన డైట్ ఒక చేత్తో పొటాషియం ఆపుతూ, రెండో చేత్తో అది బయటికి పోయే తలుపు మూస్తోంది.

ఆ రాత్రి కూర్చుని ఆలోచించాను. పొటాషియం పెంచే మందు ఆగిపోయింది. ఆకులు ఆగిపోయాయి. పళ్లు ఆగిపోయాయి. ముద్దాయిలు ముగ్గురూ జైల్లో ఉండగా దొంగతనం జరుగుతూనే ఉంది. ఇంకో సంగతి, వార్డులో నాలుగు రోజుల్లో తగ్గింది, ఇంటికెళ్లగానే పెరిగింది. సాచెట్ల వల్లే తగ్గిందని అనుకున్నాం, కొంత నిజమే. కానీ వార్డులో తిన్నది ఆసుపత్రి క్యాంటీన్ తిండి. వాళ్ల ఇంట్లో ఉండి క్యాంటీన్లో లేనిదేదో ఉందన్నమాట.

అప్పుడు చేశాను మొదటి రోజే చెయ్యాల్సిన పని. కాగితం, పెన్ను తీసుకుని ఆకు లెక్క వేశాను.

ఆకు లెక్క

మన దగ్గర ఆహార పదార్థాల ఖనిజాల లెక్కకు ఆధారం హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికలు. అందులో 528 పదార్థాలున్నాయి. పచ్చి మునగాకు 100 గ్రాముల్లో పొటాషియం సుమారు 400 మిల్లీగ్రాములు. కాల్షియం 300 పైన. మెగ్నీషియం 100కి కాస్త తక్కువ. అరటిపండు 100 గ్రాముల్లో పొటాషియం సుమారు 350. అంటే పచ్చి ఆకు, అరటిపండు దాదాపు సమానం. ఎండబెట్టి పొడి చేస్తే నీరు పోయి గాఢత పెరుగుతుంది. పొడిలో 100 గ్రాములకు 1,300 నుంచి 1,500 వరకు చూపిస్తారు. అరటిపండుకి నాలుగు రెట్లు. పదిహేను కాదు.

సరే, నాలుగు రెట్లే అనుకుందాం. ఎవరు తింటారు 100 గ్రాముల పొడి? కాఫీ పొడి డబ్బా సగం నిండుతుంది. అరటిపండైతే 100 గ్రాములు నాలుగు ముద్దల్లో అయిపోతుంది.

మాస్టారి చెంచా ఎంత పెద్దదో నాకు తెలియదు. మర్నాడు ఫోన్ చేసి, ఆ చెంచా, ఆ పొడి డబ్బా, దాంతో పాటు వంటింట్లో కూరల్లో వేసే డబ్బాలు, ప్యాకెట్లు అన్నీ ఒక సంచిలో వేసుకొని రమ్మన్నాను. పొడిని ల్యాబ్‌కి పంపుదామా అనుకుని మానేశాను. ల్యాబ్ వాళ్లు ఇచ్చేది మళ్లీ 100 గ్రాములకే. మునగ ఏ నేలలో పెరిగిందో, లేత ఆకో ముదురు ఆకో, ఏ నెలలో కోశారో బట్టి ఆ అంకె అటూ ఇటూ అవుతుంది. రెట్టింపే వచ్చినా నేను తీసుకునే నిర్ణయం మారదనుకున్నప్పుడు పరీక్ష డబ్బు దండగ.

నా టేబుల్ మీద చిన్న కాటా ఉంటుంది. మాస్టారి చెంచా గోపురం కట్టి తూస్తే 8 గ్రాములు. రోజుకి రెండు, 16 గ్రాములు. అందులో పొటాషియం సుమారు 220 మిల్లీగ్రాములు. కషాయంలోకి రెండు గుప్పిళ్లు, 40 గ్రాములు. ఆకులోని పొటాషియం అంతా నీళ్లలోకి దిగిందనుకున్నా 160. రెండూ కలిపి 380.

ఒక అరటిపండు. అందరం భయపడిన ఆకు మొత్తం కలిపితే రోజుకి ఒక్క అరటిపండు.

ఇక్కడ కషాయం గురించి ఒక మాట. కిడ్నీ రోగులకు ఉడికించిన నీళ్లు పారబొయ్యమని మేం చెప్పేది పొటాషియం నీళ్లలోకి దిగుతుంది గనక. కషాయంలో సరిగ్గా తలకిందులు. ఆకు పారేసి నీళ్లు తాగుతారు. ఆకు కూరగా తింటే పొటాషియం పీచుతో, కణాల గోడల మధ్య ఉండి నెమ్మదిగా వస్తుంది, కాస్త బయటికీ పోతుంది. అందుకని కిడ్నీ మనిషి కషాయం అంటే ఇప్పటికీ నేను ఊరుకోను. కానీ ఈ కేసులో 6.1 దాకా తెచ్చే బలం దానికి లేదు.

సంచి

ధనియాల పొడి, సాంబారు పొడి, చింతపండు, ఇంగువ. అడుగున కిలో ఉప్పు ప్యాకెట్. 'బీపీ ఉప్పు.'

వెనక్కి తిప్పి చదివాను. పొటాషియం క్లోరైడ్ 30 శాతం.

సోడియం తగ్గించిన ఉప్పుల్లో తీసేసిన సోడియం స్థానంలో చాలావాటిలో వేసేది పొటాషియం క్లోరైడే. దాని బరువులో 52 శాతం పొటాషియం. కిలో ప్యాకెట్ ఎన్నాళ్లొస్తుందని అడిగాను. యాభై రోజులట. ఇంట్లో ఇద్దరే. రోజుకి 20 గ్రాములు, మనిషికి 10. అందులో పొటాషియం క్లోరైడ్ 3 గ్రాములు. పొటాషియం 1,570 మిల్లీగ్రాములు.

ఆకు 380. ఉప్పు 1,570. మాస్టారు కాగితం తన వైపు తిప్పుకుని లెక్క మళ్లీ వేశారు, పాత అలవాటు. 'నాలుగున్నర అరటిపండ్లమ్మా' అన్నారు. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఇంకా ఉంది. నేను కూరలన్నీ చప్పగా చేయించాక, తినడం లేదన్న బాధతో ఆవిడ మజ్జిగలో, కూరలో రెండు చిటికెలు ఎక్కువ వేస్తున్నారు. 'ఇది మంచి ఉప్పే కదమ్మా, ఎక్కువైనా పర్లేదనుకున్నాను.' నేను ఆకులు ఆపించిన రెండు వారాల్లో ఆ ఉప్పు వాడకం పెరిగింది. ఆకులో పొటాషియంతో పాటు శరీరంలో క్షారంగా మారే ఆమ్లాలుంటాయి. కిడ్నీ మనిషిలో పేరుకునే ఆమ్లాన్ని అవి కొంచెం తగ్గిస్తాయి. ఉప్పులో వచ్చేది క్లోరైడ్, దానికి ఆ గుణం లేదు. అలా చూస్తే నేను తీసేసింది మేలు చేసే పొటాషియం, ఉంచేసింది చెయ్యనిది.

ఆ ఉప్పు చెడ్డదని కాదు. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మంది మీద చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2021లో వచ్చాయి. సోడియం క్లోరైడ్ 75, పొటాషియం క్లోరైడ్ 25 శాతం కలిపిన ఉప్పు వాడినవాళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. కానీ తీవ్రమైన కిడ్నీ జబ్బున్నవాళ్లను అందులోకి తీసుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఇలాంటి ఉప్పును పెద్దవాళ్లకు సిఫారసు చేస్తూనే, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు, గర్భిణులకు, పిల్లలకు ఆ సిఫారసు వర్తించదని చెప్పింది. మాస్టారి అబ్బాయి తండ్రి బీపీ చూసి తెచ్చాడు. క్రియాటినిన్ ఎంతో ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు.

పనిచేసింది

ఇప్పుడు ఉప్పు మార్చి, ఆకులు, పళ్లు అన్నీ ఒకేసారి వెనక్కి తెస్తే మాస్టారు సంతోషపడతారు. కానీ అంకె తగ్గకపోతే మళ్లీ చీకట్లో పడతాం. డాక్టరు గారితో మాట్లాడి ఒక్కొక్కటే మార్చాలని నిర్ణయించుకున్నాం. మొదటి వారం ఉప్పు ఒక్కటే. మామూలు ఉప్పే, కానీ కొలిచి. మనిషికి రోజుకి 5 గ్రాములు దాటకుండా ఇద్దరికీ కలిపి వారానికి 70 గ్రాములు ఒక చిన్న డబ్బాలో పోసి, ఆదివారం నుంచి శనివారం దాకా అందులోంచే వాడమన్నాను. 'శుక్రవారానికి అయిపోతే?' అన్నారావిడ. శనివారం ఉపవాసం అన్నాను, నవ్వారు. ఆవకాయ మాత్రం వారానికి రెండు రోజులే, డబ్బా లెక్కలోకి రాదు కాబట్టి.

ఎనిమిదో రోజున పొటాషియం 4.9. ఇంకేమీ మార్చలేదు, మందు మార్చలేదు, సాచెట్ లేదు.

రెండో అడుగు కూరలు. వారానికి మూడు రోజులు మునగాకు పప్పు, మిగతా రోజుల్లో బీర, సొర, పొట్ల, దొండ. పాలకూర, తోటకూర ఉడికించి నీళ్లు వంపేశాకే. ఆ రెండింట్లో ఆక్సలేట్ కూడా ఎక్కువ, వంపేస్తే అదీ కొంత పోతుంది. జామకాయ సగం. మలబద్ధకం పది రోజుల్లో సర్దుకుంది, అన్నం దానంతట అదే తగ్గింది. మూడో వారం చివర పొటాషియం 4.8. ఆకులు తిరిగొచ్చాక అంకె పెరగలేదు, పైగా ఒక గీత తగ్గింది.

మూడో అడుగు నాది కాదు, డాక్టరు గారిది. టెల్మిసార్టన్ సగం డోసుతో మళ్లీ మొదలుపెట్టారు. ఆ మందు మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో పొటాషియం, క్రియాటినిన్ చూడాలన్నది నియమం. మూడో వారంలో చూస్తే 5.1. ఒప్పుకోదగ్గ అంకె. నా వరకు ఈ కేసులో అసలు గెలుపు ఇదే. ఉప్పు దొరక్కపోయి ఉంటే, 'ఈయనకు టెల్మిసార్టన్ పడదు' అని కాగితం మీద రాసేసి, కిడ్నీని కాపాడే మందు శాశ్వతంగా పోయుండేది.

పొడి ఎందుకు వెనక్కి రాలేదు

పొటాషియం తప్పు దానిది కాదని తేలాక మాస్టారు న్యాయంగానే అడిగారు, 'మరి నా పొడి?' నేను వద్దన్నాను. కారణాలు వేరే.

కషాయం మొదలయ్యాక ఆయన రాత్రి మెట్‌ఫార్మిన్ మానేశారు. ఇది మూడోసారి కూర్చున్నప్పుడు గానీ బయటపడలేదు. 'ఖనిజాలు అందుతున్నాయి కదా' అని. మరోవైపు పదకొండింటప్పుడు చెమటలు పట్టి కళ్లు తిరిగిన రోజులు రెండున్నాయి. గ్లిమిపిరైడ్ వేసుకుంటూ పొడపత్రి కలిపితే షుగరు బాగా పడిపోయే ప్రమాదం ఉంది. ఆ రెండు రోజులూ అదే జరిగిందని నేను రుజువు చెయ్యలేను, అప్పుడు గ్లూకోమీటరుతో చూసుకోలేదు. అన్నట్టు పొడపత్రి పని ఖనిజాలది కాదు. అందులో జిమ్నెమిక్ ఆమ్లాలుంటాయి. ఆకు నమిలి చక్కెర నోట్లో వేసుకోండి, ఇసుక నమిలినట్టుంటుంది. ఆకుకి బలం ఉంటే ఆ బలం ఎక్కడినుంచి వస్తోందో వేరు, పట్టికలో ఉన్న కాల్షియం, ఇనుము వేరు.

మెగ్నీషియం సంగతి కూడా చెప్పాను, ఆయన ఫోన్లో అదీ ఉంది కాబట్టి. షుగరు అదుపులో లేనివాళ్లకు మూత్రంలో మెగ్నీషియం పోతుంది, లోపం రావడం నిజం. మగవాళ్లకు మన దేశపు సిఫారసు రోజుకి 440 మిల్లీగ్రాములు. ఆయన 16 గ్రాముల పొడిలో వచ్చేది 60 దాకా. అది ఒక గుప్పెడు వేరుశనగపప్పులోనూ వస్తుంది. ఆ 60తో షుగరు మందు మానెయ్యవచ్చని ఎవరైనా చెబితే, చెంచా తూచి చూపించమని అడగండి అన్నాను. మాస్టారికి ఈ మాట నచ్చింది. మునగాకు పప్పు ఉంటుందనేసరికి పొడి మీద పట్టు వదిలారు.

నాలుగు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ, అంటే సుమారు మూడు నెలల సగటు షుగరు, 8.6 నుంచి 7.8కి వచ్చింది. మెట్‌ఫార్మిన్ కిడ్నీకి తగిన డోసులో మళ్లీ మొదలవడం, అన్నం తగ్గడం, రెండూ కలిసి. ఎంత దేనివల్లో విడదీసి చెప్పలేను.

ఆ తర్వాత నేను మార్చుకున్నవి

నా కేస్ షీటులో 'ఉప్పు తక్కువ – అవును/కాదు' అన్న గడి తీసేశాను. ఇప్పుడు అక్కడ 'ఏ ఉప్పు, ప్యాకెట్ ఎన్ని రోజులు, ఎంతమంది' అని ఉంటుంది. టిక్కు పెట్టడానికి చోటు లేదు, రాయాల్సిందే. పొడులు వాడేవాళ్లని చెంచాతో సహా రమ్మంటాను. ఒకావిడ పప్పు గరిటె తెచ్చింది, అందుకే చెంచా మీద నాకిప్పుడు నమ్మకం లేదు. వార్డులో తగ్గి ఇంట్లో పెరిగిన ఏ అంకె చూసినా, మనిషి అబద్ధం చెబుతున్నాడని కాకుండా, వంటింట్లో ఏముందని ముందు అడుగుతున్నాను.

మొన్న మాస్టారి భార్య ఫోన్ చేశారు. ఆ బీపీ ఉప్పు ఇంకా ముప్పావు ప్యాకెట్ ఉందట, పారెయ్యడానికి మనసొప్పడం లేదు. 'పక్కింటావిడకి బీపీ ఉందమ్మా, ఇచ్చెయ్యనా?'

'ఆవిడ క్రియాటినిన్ ఎంతో అడిగారా?' అన్నాను.

'అడిగాను,' అన్నారావిడ, 'ఎప్పుడూ చూపించుకోలేదట. రేపు పొద్దున రక్తానికి తీసుకెళుతున్నాను.'